బేడ

సెమినారు పేపరుకని సారు ఇచ్చిన జిరాక్సు
మడతల కాడ చెరిగిపోయింది.
పద్దెనిమిది వందల తొంభై. అమెరికా జనాభా లెక్క.
ఇల్లిల్లూ తిరిగే గుమాస్తాకు పైనుంచి హుకుం:
నల్లవాడు అని ఊరికే రాస్తే చాలదు,
ఎంత నలుపో తేల్చాల.
అర పాలా, పావు పాలా,
ఎనిమిదింట ఒక పాలా, అంతకన్నా చిన్న జాడా.
త్రాసు ఇయ్యలేదు. పడికట్టు రాళ్ళు ఇయ్యలేదు.
వాకిట్లో నిలబడిన మనిషిని
ఒకసారి పైనుంచి కిందికి చూసి
సిరా ఆరేలోపు రాయాల.

దాన్ని తెలుగు చేస్తా కూర్చున్నా.
అరకు అర్ధరూపాయి, పావుకు పావలా.
ఎనిమిదో పాలుకు మాటేంది?
ఆదోని పత్తి యార్డు నుంచి అప్పుడే వచ్చి
కాళ్ళు కడుక్కుంటున్న నాయన
తలెత్తకుండానే అన్నాడు:
"బేడ."
రాసుకున్నా.

మా నాయన పేరు హుసేనప్ప.
పీర్లకు మొక్కుకుంటే పుట్టినాడని ఆ పేరు.
లెక్కలు రాయను వచ్చిన టీచరమ్మ
మతం గడి కాడ పెన్ను ఎత్తి ఆగిపోయింది.
ఆయన గోడమీది ఉరుకుంద ఈరన్న పటం చూపించినాడు,
పీర్ల చావిడి దిక్కు కూడా చూపించినాడు,
టీ తాగిపొమ్మన్నాడు.

ముప్పై ఏండ్లు బోరాలు మోసిన వీపు.
చిటికెడు పత్తి లాగి, రెండు బొటనవేళ్ళ నడుమ పీకి
పింజ పొడుగు చెప్తాడు.
సేట్లు కూడా పిలిచి అడుగుతారు.
"మనిషినెట్ల చెప్తారు నాయనా, చూసి?"
"పత్తినే చూసి చెప్పలేము అమ్మీ. పట్టుకోవాల."
ఆ లెక్కలో ఉన్నోళ్ళ అవ్వలు ఏరింది పత్తే అని చెప్పినా.
చానాసేపు మాట్లాడలా.
"గోళ్ళ మొదట్లో గీరుకపోతాది," అన్నాడు,
"ఎండిన కాయ తొడిమె."

ఆ కాగితాలు తర్వాత చానామటుకు
మంటల్లో పోయినాయంట.
"పోలేదులే" అన్నాడు. "పత్తి బేలు అంటుకుంటే
నీళ్ళు కొట్టినాక కూడా
లోపల నాలుగు దినాలు ఉంటాది."

మా అమ్మ హంపమ్మది ఏటి అవతల, సిరుగుప్ప దిక్కు.
ఆమె అన్న కూతురికి ఆడ ఎస్టీ కాగితం.
నాకు ఈడ బీసీ-ఏ.
ఇద్దరిదీ మా అవ్వ ముక్కే.
నడుమ తుంగభద్ర, ఎండాకాలం మోకాలి లోతు,
గొర్రెలు దాటుతాయి.
జిరాక్సులోనూ అట్లాంటి గీతలున్నాయి.
ఒక రాష్ట్రంలో తెల్లగా పడుకున్న మనిషి
రైల్లో నిద్ర లేచేసరికి
ఇంకో రాష్ట్రం చట్టంలో నల్లవాడు.

రెండూ ఒకటేనని నేను రాయలా.
వాళ్ళకు ఆ గడి ఉరితాడు దాకా పోయింది.
నాకు ఫీజు దాకా.
ఎమ్మార్వో ఆఫీసులో గుమాస్తా
అమ్మ కాగితం వెనక్కి నెట్టి
"ఇది ఈడ చెల్లదు" అన్నాడు. అంతే.
కోపంగా కూడా అనలా.

ఆ చెల్లని కాగితం ఇంటికొచ్చి మళ్ళీ చూసినా.
కులం అన్న గీత మీద, గుండ్రటి కన్నడ అక్షరాల్లో:
బేడ.
ఈడ బోయ. ఆడ బేడ.
నా నోటుబుక్కులో
ఎనిమిదో పాలుకు ఎదురుగా అదే మాట.

పొయ్యికాడ అమ్మ జొన్నరొట్టె తడుతుంది.
ఇరవై ఆరేండ్లయినా కొన్ని మాటలు
ఆమెకు ఏటి అవతలివే వస్తాయి.
"నాలో నీ పాలు ఎంతని రాయమంటావు అమ్మా?"
నగుతా అడిగినా.
పిండిచేత్తో వెంట్రుకలు పక్కకు నెట్టుకుంది.
"బేడ" అనింది.
వద్దు అని, వాళ్ళ ఊరి మాటలో.
రొట్టె తిరగేసింది.

పేపరు సారు కాడినుంచి తిరిగొచ్చింది.
మార్జిన్లో ఎర్ర సిరా:
ఈ పదానికి అర్థం స్పష్టంగా రాయండి.
సోమవారం దాకా టైముంది.